గోడ మీద ఆకుపచ్చ బిళ్ళలు

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు సూపర్‌వైజర్‌గా చేశాను. నా చెప్పుల చప్పుడు వినపడితే చాలు, షెడ్డులో ఆడవాళ్ళంతా మాటలు ఆపేసేవాళ్ళు. అది నా గొప్పే అనుకున్నాను. మా మహిమ షెడ్డులో ఉంటే పని దానంతటదే జరుగుతుందని మేనేజరు అంటే పొంగిపోయాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇంకొల్లు రోడ్డులో యలమందయ్య గారికి పాత పొగాకు బ్యారన్ ఒకటి, దాన్ని ఆనుకుని రేకుల షెడ్డు ఒకటి ఉన్నాయి. పొగాకు మానేసి ఆయన మిరపలోకి దిగి చాలా ఏళ్ళయింది. ఆ షెడ్డులో కారం మిల్లు పెడదామన్న ఆలోచన నాది. షెడ్డూ కాయా ఆయనవి, కాబట్టి మిషను బాధ్యత కూడా ఆయనే తీసుకున్నారు. సరుకు అమ్మడం, చేరవేయడం సలీం పని. వాడికి ట్రాలీ ఆటో ఉంది, చిన్నప్పటినుంచీ నన్ను అక్కా అంటాడు. కాయలకు తొడిమలు తీయించే పని మా పల్లెలో ఉండే ఆదెమ్మ పిన్నిది. ఆమెతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్ళు.

ఆ పన్నెండు మందిని తెచ్చింది నేను. అంతకుముందు వాళ్ళు ఒక ముఠా మేస్త్రి కింద కోల్డ్ స్టోరేజీల్లో తొడిమలు తీసేవాళ్ళు. సీజను నాలుగు నెలలు పని, తర్వాత ఖాళీ. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటింటికీ తిరిగి, నాతో రండి, ఏడాది పొడుగునా పని ఉంటుంది అని మాటిచ్చాను. నా మాట పట్టుకుని సీజను మధ్యలో మేస్త్రిని వదిలేసి వచ్చారు. వెళ్ళండి, మళ్ళీ నా గుమ్మం తొక్కితే అప్పుడు మాట్లాడతాను అన్నాడట ఆయన.

చీరాలలో పచ్చళ్ళ వ్యాపారి ఒకాయన మొదట మూడువందల కిలోల కారం అడిగాడు. శనివారం సాయంత్రానికి సరుకు చేరి, నచ్చితే ప్రతినెలా అంతే తీసుకుంటానన్నాడు. ఆ ఒక్క ఆర్డరు నిలబడితే పన్నెండు మందికీ పని నిలబడుతుంది. పోతే వాళ్ళ నోట్లో మట్టి కొట్టినదాన్ని నేనే అవుతాను. అందుకే దేన్నీ నోటిమాటకు వదలకూడదనుకున్నాను.

షెడ్డు గోడకు తెల్ల బోర్డు కొట్టించాను. వేటపాలెంలో నేర్చుకున్న పద్ధతే. ఒక గడిలో పని, పక్క గడిలో మనిషి పేరు, ఆ పక్కన తేదీ. ప్రతి పని దగ్గరా ఒక అయస్కాంతం బిళ్ళ. పని మిగిలుంటే ఎర్రది, అయిపోతే ఆకుపచ్చది. ఎవరి పని బిళ్ళ వాళ్ళే మార్చాలి. చదువు రానివాళ్ళకు కూడా తెలియాలని పనుల పక్కన బొమ్మలు గీశాను. లైసెన్సుకు కాగితం బొమ్మ, సంచులకు సంచి బొమ్మ, తొడిమలకు మిరపకాయ. మిషను ట్రయల్‌కు చక్రం గీసి, పక్కన యలమందయ్య గారి పేరు, బుధవారం తేదీ రాశాను. ఏరిపారేసిన తాలు కాయ పది కిలోలు పోసి ఒకసారి తిప్పి చూడడం, అంతే ఆ పని.

తప్పు అక్కడ మొదలైందా, అంతకు ముందే మొదలైందా అంటే, ముందే మొదలైంది. ప్రారంభం ఎప్పుడు పెట్టుకుందాం అని కూర్చున్న రోజున యలమందయ్య గారు, ఇప్పుడు మూఢం నడుస్తోంది, ఇంకో మూడు వారాలుంది అన్నారు. మూఢంలో వాళ్ళు పెళ్ళిళ్ళు చేయరు, ఇంట్లో దిగరు, కొత్త పని మొదలుపెట్టరు. నాకు తెలియని సంగతి కాదు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్నే. కానీ నా నోరు ఊరుకోదు కదా. ఆకాశంలో శుక్రుడు కనపడకపోతే మన మీటర్‌కి కరెంటు రాదా అండీ అన్నాను. సలీం పకపకా నవ్వాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన కూడా నవ్వారు. కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకుని, సరేలే అమ్మాయ్ అన్నారు. చివరికి మూఢం వెళ్ళిన మర్నాడు, సరుకు చేరాల్సిన శనివారానికి రెండు రోజుల ముందు, గురువారం ప్రారంభం అని రాసుకున్నాం. ట్రయల్ అంతకు ఎనిమిది రోజుల ముందు పెట్టాను. అది మూఢంలో పడిందని నాకు తట్టలేదు. నా దృష్టిలో ట్రయల్ వేరు, ప్రారంభం వేరు.

మిషను గుంటూరు నుంచి వచ్చింది. బిగించిన మెకానిక్కు వెళ్ళేటప్పటికి మాకింకా త్రీఫేస్ కనెక్షన్ రాలేదు. కరెంటు వచ్చాక ఒకసారి ఖాళీగా తిప్పి చూడండి, చక్రం ఈ బాణం గుర్తు వైపే తిరగాలి, ఎదురు తిరిగితే ఫోన్ చేయండి, రెండు వైర్లు మారిస్తే సరిపోతుంది, ఐదు నిమిషాల పని అని చెప్పి వెళ్ళాడు. ఆ మాట యలమందయ్య గారూ విన్నారు, నేనూ విన్నాను. ట్రయల్ రోజుకు ముందే కరెంటు వచ్చింది.

బుధవారం నేను లేబుళ్ళ పని మీద గుంటూరు వెళ్ళి సాయంత్రానికి వచ్చాను. రాగానే బోర్డు చూశాను. చక్రం బొమ్మ దగ్గర ఆకుపచ్చ బిళ్ళ. లైసెన్సు ఆకుపచ్చ, సంచులు ఆకుపచ్చ, ఆటో రిపేరు ఆకుపచ్చ. మిరపకాయ బొమ్మ దగ్గర మాత్రం ఎర్ర బిళ్ళ కూర్చుని ఉంది. ఆ రోజుకు రెండొందల యాభై కిలోలు కావాలి. రెండొందల పది అయ్యాయి. తొడిమ ముక్క మిగిలిన కాయలు కనపడితే ఆదెమ్మ పిన్ని బుట్టకు బుట్టే వెనక్కి తోసేస్తుంది. అందుకే ఆలస్యం. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అందరూ కుదురుగా చేసుకుపోతుంటే మీకొక్కళ్ళకే ఏమొచ్చింది అని మొదలుపెట్టాను. ఆదెమ్మ పిన్ని వయసులో నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. మా అమ్మ పోయినప్పుడు నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఆమెది. యలమందయ్య గారు గుమ్మంలోనే ఉన్నారు, సలీం ఉన్నాడు, ఆమె కింద పనిచేసే పదకొండు మందీ ఉన్నారు. అందరి ముందూ కడిగేశాను. చేతకాకపోతే చేతకాదని చెప్పండి, మేస్త్రి దగ్గరైతే ఇట్లాగే చేసేవాళ్ళా అన్నాను. ఆమె ఒళ్ళో ఉన్న కాయలు కింద పెట్టి, చేతులు దులుపుకుని లేచింది.

"అది కాదు మహిమా, ఆ మిషను…"

"మిషను సంగతి నీకెందుకు పిన్నీ? నీ గడి సంగతి నువ్వు చూసుకో."

ఆమె ఎర్ర బిళ్ళ వైపు ఒకసారి చూసి మళ్ళీ కూర్చుంది. గెలిచాననుకున్నాను. మర్నాటి నుంచి వాళ్ళు పొద్దు వాలినా లేవకుండా కూర్చుని, వారం తిరిగేసరికి మూడువందల యాభై కిలోలూ పూర్తి చేశారు. చూశావా, తిడితేనే పని అవుతుంది అని సలీంతో అన్నాను కూడా.

ఆ మధ్యలో, ప్రారంభానికి ఐదు రోజుల ముందు శనివారం, చీరాల వ్యాపారి ఫోన్ చేశాడు. కొత్త మిల్లు కదమ్మా, మిషను తిప్పి చూసుకున్నారా, కారం నలగడం ఎలా ఉంది అని అడిగాడు. నేను బోర్డు ఎదురుగా నిలబడే మాట్లాడుతున్నాను. చక్రం బొమ్మ దగ్గర ఆకుపచ్చ బిళ్ళ ఉంది. తిప్పాం అండీ, నా కళ్ళతో చూశాను, పిండిలా నలిగింది అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. అబద్ధం అన్న ఆలోచనే రాలేదు.

గురువారం తొమ్మిదిన్నరకు ప్రారంభం. యలమందయ్య గారి భార్య పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టింది. మా పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. సలీం స్వీట్లు పంచాడు. యలమందయ్య గారు చెప్పులు విడిచి, తూర్పుకు తిరిగి దణ్ణం పెట్టుకుని బటన్ నొక్కారు. నొక్కేముందు ఒకసారి నా మొహం చూశారు, సంతోషం అనుకున్నాను.

మిషను గట్టిగా అరుస్తూ తిరిగింది. మోత మొదలవగానే అందరూ చప్పట్లు కొట్టారు. చక్రం ఎటు తిరుగుతోందో ఎవరం చూడలేదు. ట్రయల్ అయిపోయిన మిషను కదా, చూడడానికేముంది? కాయ పోశాం, కారం దిగింది. మొదటి గుప్పెడు నేనే అరచేతిలో పట్టుకున్నాను. ఘాటుకు అందరికీ దగ్గులు, తుమ్ములు, నవ్వులు. అరగంటకు అరవై కిలోలు దిగాయేమో, మిషను లోపల రాయి పడ్డట్టు మోగింది. ఆ వెంటనే చెవులు చిల్లులు పడేలా ఒక్కటే గోల. సలీం పరుగెత్తి మెయిన్ ఆపేశాడు.

మూత విప్పితే లోపల కాయను నలగ్గొట్టే ఇనప సుత్తులు వంగి ఉన్నాయి, జల్లెడ చిరిగి ఉంది, ఇరుసు చివర ఉండాల్సిన నట్టు లేదు. మెకానిక్కుకు ఫోన్‌లో వీడియో చూపించాం. చక్రం ఎదురు తిరిగిందండీ, అట్లా తిరిగితే నట్టు తనంతట తనే ఊడొస్తుంది, ట్రయల్ వేసినప్పుడు బాణం చూసుకోలేదా అన్నాడు. ఇరుసు కూడా వంగింది కాబట్టి కొత్త సామాను రావడానికి వారం పడుతుందన్నాడు.

సలీం బోర్డు దగ్గరికి వెళ్ళి ఒక ఆకుపచ్చ బిళ్ళ పీక్కొచ్చాడు. చక్రం బొమ్మ దగ్గరిదే. దాన్ని దిగిన కారంలో ముంచి, అటూ ఇటూ తిప్పి పైకి తీశాడు. బిళ్ళ చుట్టూ ఇనప రజను మీసాల్లా నిక్కబొడుచుకుని ఉంది. అయస్కాంతంతో రెండుమూడు సార్లు లాగేస్తే పోతుందేమో అక్కా, ఈ అరవై కిలోలైనా మిగుల్తాయి అన్నాడు, నా మొహం చూడకుండా. ఒక్క నిమిషం నాకూ ఆశ పుట్టింది. అబద్ధమెందుకు, పుట్టింది. ఆదెమ్మ పిన్ని పార తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్ళి గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది. ఆ కాయల తొడిమలన్నీ తీసిన మనిషే వాటికి గొయ్యి తవ్వుతుంటే ఇంక మాట్లాడడానికేముంది? అరవై కిలోల కారం మట్టిలో పూడ్చాం.

అప్పుడు యలమందయ్య గారి మీదికి వెళ్ళాను. పెద్దాయన, ఆసామి, భాగస్తుడు అన్నవేవీ నాకు గుర్తులేవు. బుధవారం మిషను తిప్పారా లేదా, ఆ ఒక్కటి చెప్పండి అన్నాను. ఆయన బస్తా మీద కూర్చుని ఉన్నారు. కొబ్బరికాయ కొట్టిన నీళ్ళు ఇంకా ఆరలేదు.

"తిప్పలేదమ్మాయ్. మూఢంలో మొట్టమొదటిసారి బటన్ ఎట్టా నొక్కేది? నువ్వు ట్రయల్ అన్నా, మిరపకాయ పోసి తిప్పితే మొదలుపెట్టినట్టే గదా. మూఢం వెళ్ళనీ అంటే నువ్వు నలుగుర్లో మళ్ళీ నవ్వుతావని చెప్పలేదు."

"చెప్పకపోతే చెప్పకపోయారు. బిళ్ళ ఎందుకు మార్చారు?"

ఆయన ఆదెమ్మ పిన్ని వైపు చూశారు. "ముందురోజు ఆ ఎర్ర బిళ్ళకే ఆవిణ్ణి నానా మాటలన్నావు. అరవై దాటినాక ఆ మాటలు నేను పడలేననిపించింది. పొద్దున్నే వచ్చి మార్చేశాను."

ముందురోజు కూడా తిట్టానా? తిట్టే ఉంటాను. నేను లెక్కపెట్టుకోలేదు, ఆయన పెట్టుకున్నారు. కానీ నా కోపం అంత తేలిగ్గా దిగేది కాదు. ఇంకొకరి మీదికి తిప్పాను. ఆడవాళ్ళ వైపు తిరిగి, మీరంతా పొద్దస్తమానం ఈ షెడ్డులోనే కూర్చుంటారు కదా, మిషను మోత వినపడలేదని ఒక్కరికీ తెలియలేదా, ఒక్కరికీ నోరు లేదా అని అరిచాను. ఆదెమ్మ పిన్ని పారకున్న మట్టి కాలితో రాలగొట్టి గోడకు ఆనించింది.

"తెలుసు. ఆ సాయంత్రమే చెప్పబోయాను. నీ గడి సంగతి నువ్వు చూసుకో అన్నావు. చూసుకున్నాను."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు కూడా లేదు. ఉంటే బాగుండేది, తిరిగి ఒక మాట అనేదాన్ని. బోర్డు చూశాను. అన్ని గడులూ ఆకుపచ్చగా ఉన్నాయి, ఒక్క చక్రం గడే ఖాళీగా ఉంది. ఇన్ని రోజులూ ఆ గోడ మీద నిజం చెప్పింది ఒక్క ఎర్ర బిళ్ళ. నేను రోజూ చిందులు తొక్కింది దాని మీదే.

సాయంత్రం చీరాలకు ఫోన్ చేశాను. సలీం నేను మాట్లాడతానక్కా అన్నాడు, ఏదో ఒకటి చెప్పి వారం గడువు అడుగుతానన్నాడు. వద్దన్నాను. మిషను విరిగిందండీ, శనివారానికి సరుకు రాదు, వారం పడుతుంది అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మొన్న నీ కళ్ళతో చూశానన్నావు కదమ్మా అన్నాడు. చూడలేదండీ అన్నాను.

"కారం లేటైతే ఓ వారం ఇంకోచోట కొనుక్కుంటానమ్మా, అదేం పెద్ద సంగతి కాదు. చూడంది చూశానన్న మనిషి దగ్గర ప్రతినెలా ఎట్టా కొనేది?"

ఫోన్ పెట్టేశాడు. ఆయన మీద కూడా కోపం తెచ్చుకోవాలని చూశాను. ఎంత గింజుకున్నా దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి ఇంటికి వెళ్ళాను. నన్ను గుమ్మం బయట నిలబెట్టి, టీ తాగి, పేపరు చదివి, అప్పుడు ఏంటన్నాడు. నా కోపం గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగి, తప్పు నాది, వాళ్ళది కాదు, వాళ్ళను తీసుకోండి అన్నాను. పెద్ద మిల్లు ఓనరమ్మ నా గుమ్మం తొక్కింది అని ఆయన లోపలివాళ్ళకు వినపడేలా అన్నాడు. నిలబడి విన్నాను. ఎనిమిది మందిని తీసుకుంటానన్నాడు. మిగతావాళ్ళను లేవదీసుకుపోయిందని ఆదెమ్మ పిన్నినీ, ఆమెకు వంతపాడారని ఇంకో ముగ్గురినీ రావద్దన్నాడు.

వారం తర్వాత మిషను బాగయింది. ఈసారి మెకానిక్కు వచ్చి రెండు వైర్లు మార్చాడు. వాచీ పెట్టుకుని చూశాను, నాలుగు నిమిషాలు పట్టింది. తాలు కాయ పోసి, చక్రం బాణం వైపు తిరగడం నేనూ యలమందయ్య గారూ పక్కపక్కన నిలబడి చూశాం. ఆయన మీద నాకింకా కోపం ఉంది. నా మీద ఆయనకూ ఉండే ఉంటుంది. సలీం ఊరూరా తిరిగి రెండు హాస్టళ్ళూ ఒక మెస్సూ పట్టుకొచ్చాడు. మొత్తం కలిపితే వారానికి నలభై కిలోలు. నలుగురికి వారంలో మూడు రోజులు పని. పన్నెండు మందికి ఏడాదంతా పని అన్నదాన్ని, ఇదీ నేను ఇచ్చింది.

బోర్డు మీద బిళ్ళలన్నీ తీసేసి మళ్ళీ పెట్టాను. ఎవరి బిళ్ళ వాళ్ళు మార్చుకునే పద్ధతి తీసేశాను. పని అయిందని పక్కమనిషి చూసి మార్చాలి అన్నాను. బిళ్ళల డబ్బా ఆదెమ్మ పిన్ని చేతిలో పెట్టి, నువ్వు చూడు పిన్నీ, నీ మాటే మాట అన్నాను. ఆమె డబ్బా పుచ్చుకోలేదు.

"పెత్తనం నాకెందుకు? తిట్లు తగ్గించు. వాళ్ళే చెబుతారు."

ఆదెమ్మ పిన్ని నా మొహం మీదే అంత మాట అంటే ఇదివరకైతే ఊరుకునేదాన్ని కాదు. అప్పుడూ నోటిదాకా ఏదో వచ్చింది. డబ్బా తీసుకెళ్ళి బోర్డు కింద మేకుకు తగిలించాను.

మొన్న సోమవారం హాస్టలుకు సరుకు వెళ్ళాలి. పదిహేను కిలోలు మధ్యాహ్నానికి మిషనులో పడాలి. పదకొండు గంటలకు వెళ్ళి, ఎంతవరకు వచ్చింది పిన్నీ అని అడిగాను. మామూలుగానే అడిగాననుకున్నాను. నలుగురి చేతులూ ఒక్కసారిగా ఆగాయి. ఆదెమ్మ పిన్ని తల ఎత్తి ముందు నా మొహం చూసింది. నా కనుబొమలు ఎలా ఉన్నాయి, పెదవులు బిగిసి ఉన్నాయా అని చూసింది. మా అమ్మ పోయినప్పుడు నాకు అన్నం కలిపి పెట్టిన మనిషి, నాకు భయపడి నా మొహం చదువుకుంటోంది. వేటపాలెంలో పదకొండేళ్ళు, నూటఇరవై మంది, రోజూ నా మొహాన్ని ఇలాగే చూసి ఉంటారు.

చూసి చూసి, ఇంకా సగం ఉంది అంది.

ఒళ్ళు మండింది. నిజంగానే మండింది, సగం అంటే మధ్యాహ్నానికి అయ్యే పని కాదు. పళ్ళు బిగబట్టి బోర్డు దగ్గరికి వెళ్ళాను. మిరపకాయ బొమ్మ పక్కన ఎర్ర బిళ్ళ పెట్టాను. హాస్టలుకు ఫోన్ చేసి సాయంత్రం అవుతుందని చెప్పాను. తర్వాత వచ్చి, వాళ్ళ నలుగురి పక్కన పీట వాల్చుకుని తొడిమలు తీయడానికి కూర్చున్నాను.